కంప్రెసర్ అడుగున చేరే నీరు: విస్తరణ విద్యలో ఒక లోటు

గౌతమి, వశిష్ఠ పాయల నడుమనున్న కోనసీమలో, రైతు ఇంటి షెడ్డుకు ఎయిర్ కంప్రెసర్ ఉపయోగకరమైన సాధనం. ట్రాక్టరు టైర్లకు గాలి నింపడానికి, పవర్ టిల్లర్ రేడియేటరులోని దుమ్ము తొలగించడానికి, బిగుసుకున్న నట్లు విప్పే ఇంపాక్ట్ రెంచిని నడపడానికి అదే ఆధారం. అయితే అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల తేమగాలిలో దాని నిర్వహణ ప్రత్యేక శ్రద్ధను కోరుతుంది.

30 డిగ్రీల సెల్సియస్ వద్ద 80 శాతం సాపేక్ష ఆర్ద్రత గల ఘనపు మీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీటియావిరి ఉంటుంది. ఆ గాలిని 7 బార్ గేజి పీడనానికి సంపీడనం చేసి తిరిగి చల్లార్చినచో, అందులో దాదాపు 4 గ్రాములే ఆవిరిగా నిలుస్తుంది, మిగిలినది నీరవుతుంది. నిమిషానికి 200 లీటర్ల గాలిని పీల్చే యంత్రం గంటసేపు నడిస్తే చేరే నీరు దాదాపు పావు లీటరు.

ఈ నీరు పనిముట్లకు తుప్పు పట్టించడమే గాక ట్యాంకు గోడను లోపలినుండి తినివేస్తుంది. పలచబడిన ట్యాంకు పగిలితే ప్రాణాపాయం. కావున పని ముగిసిన ప్రతిరోజూ పీడనం తగ్గించి అడుగు వాల్వు ద్వారా నీటిని తీసివేయాలి. పనిముట్టుకు ముందు నీటిని వేరుచేసే ఫిల్టరు, రెగ్యులేటరు అమర్చాలి. సేఫ్టీ వాల్వును ఎన్నడూ బిగించివేయరాదు.

ఇది మెకానిక్కు సంబంధించిన విషయమని కొందరు భావించవచ్చు. కాని దమ్ము సమయంలో టిల్లరు నిలిచిపోతే తప్పేది నాట్ల అదను. యంత్రాల ఎంపికతోపాటు సంరక్షణను కూడ కృషి విజ్ఞాన కేంద్రాల శిక్షణలో చేర్చాలి. రైతుల ఎదుట ఒక్కసారి ఆ అడుగు వాల్వు తెరచి చూపడమే తొలి పాఠం కావాలి.