పొలం గట్టు ఎక్కని ఇంజినీరింగ్ చదువు

వేమూరులో బస్సెక్కితే ఇంజినీరింగ్ కళాశాలలు ఎంతో దూరంలో లేవు. తెనాలి దాటగానే వడ్లమూడిలో విజ్ఞాన్ విశ్వవిద్యాలయం ఉంది. బాపట్లలో 1981 నుంచి నడుస్తున్న ఇంజినీరింగ్ కళాశాల, దానికి తోడు డాక్టర్ ఎన్టీఆర్ వ్యవసాయ ఇంజినీరింగ్ కళాశాల ఉన్నాయి. మన ఊళ్ల పిల్లలు ఏటా అక్కడ పట్టాలు పుచ్చుకుంటున్నారు. కానీ కొల్లూరు, భట్టిప్రోలు, అమృతలూరు, చుండూరు పొలాలకు ఆ చదువులో దక్కుతున్న చోటు చాలా తక్కువ. సుస్థిర అభివృద్ధి గురించి వేదికల మీద ఎన్ని మాటలు చెప్పుకున్నా, ఇంజినీరు తన నేల సమస్యను స్వయంగా కొలిచి, పరిశోధించి, పరిష్కారం వెతికే దాకా అది సాధ్యం కాదు. స్థానిక సమస్యపై నిజమైన పరిశోధన చేయని విద్యార్థికి బీటెక్ పట్టా ఇవ్వకూడదన్నది మా నిశ్చితాభిప్రాయం.

ఈ ప్రాంతానికి ఇంజినీరింగ్ పరాయిది కాదు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాకే కృష్ణా పశ్చిమ డెల్టా మాగాణిగా స్థిరపడింది. 1957లో ప్రకాశం బ్యారేజీ ఆ బాధ్యతను అందుకుంది. మనం తినే అన్నం వెనక ఇంజినీర్ల లెక్కలున్నాయి. అయితే ఆ లెక్కలు వేసిన నాటి పరిస్థితులు నేడు లేవు. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వచ్చింది. లంక గ్రామాలు నీట మునిగాయి, కరకట్ట ఎక్కడ తెగుతుందోనని రేపల్లె దాకా జనం రాత్రంతా కాపలా కాశారు. తీరం వైపు పోయేకొద్దీ బోరు నీరు ఉప్పబారుతోంది. వరి మిషన్ కోతలయ్యాక గడ్డిని పొలంలోనే తగలబెడుతున్నారు. పసుపు ఉడికించడానికీ, ఇటుక బట్టీలకూ కాలే ఇంధనం లెక్క ఎవరి దగ్గరా లేదు. ఇవన్నీ ఇంజినీరింగ్ సమస్యలే.

మరి చదువు ఎలా సాగుతోంది? పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. కాకినాడ జేఎన్‌టీయూ సిలబస్‌లో అది క్రెడిట్లు లేని పేపరుగా మిగిలింది. క్రెడిట్లు లేని పేపరును పిల్లలు ఎంత శ్రద్ధగా చదువుతారో వేరే చెప్పాలా? ఇంజినీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ, ఇంజినీరుకు ఉండాల్సిన లక్షణాల్లో పర్యావరణం, సుస్థిరతలను ఏళ్లుగా చేర్చింది. తనిఖీ బృందం వచ్చినప్పుడు ఆ గడి నింపితే పని అయిపోయినట్టే. ఇక చివరి ఏడాది ప్రాజెక్టు సంగతి బహిరంగ రహస్యం. డబ్బు కడితే రికార్డు, సోర్సు కోడు, పీపీటీ, వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబులు సహా చేతికిచ్చే దుకాణాలు నగరాల్లో బోర్డులు పెట్టుకుని మరీ నడుస్తున్నాయి. పేర్లు మార్చిన అదే ప్రాజెక్టు ఏటా ఎన్నో కళాశాలల్లో మళ్లీ మళ్లీ పాసవుతోంది. తెలిసీ సంతకం పెడుతున్నవారు విద్యార్థికే కాదు, సమాజానికీ ద్రోహం చేస్తున్నారు.

పరిశోధన అంటే ఏమిటో తెలుసుకోవడానికి విదేశాల దాకా పోనక్కర్లేదు. బాపట్ల తీరపు ఇసుక నేలల్లో రైతులు తరతరాలుగా దొరువులనే గుంటలు తవ్వి, వాటిలో ఊరిన నీటిని కడవలతో మొక్కలకు పోసేవారు. అక్కడ పైన పలచని మంచినీటి పొర, దాని కింద ఉప్పునీరు ఉంటాయి. లోతుగా బోరు దించి లాగితే ఉప్పునీరు పైకి పొంగి పొర మొత్తం పాడవుతుంది. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం ఈ దొరువునే ఆధారం చేసుకుంది. రంధ్రాలున్న పైపులను భూమిలో అడ్డంగా పరిచి, పై పొరలోని మంచినీటిని మాత్రం మెల్లగా ఒక బావిలోకి చేర్చే పద్ధతిని రూపొందించింది. గుంటలు మింగేసిన నేల సాగులోకి వచ్చింది, కడవ మోత తప్పింది. ఇదే కేంద్రం డచ్ సహకారంతో ఉప్పుగుండూరు, కొణంకి పొలాల్లో భూగర్భ మురుగు పైపులు వేసి చౌడును కడిగి చూపింది.

సివిల్ విద్యార్థి ఘైబెన్–హెర్జ్‌బర్గ్ సూత్రాన్ని పరీక్ష కోసం బట్టీ పడతాడు. తీరంలో మంచినీటి మట్టం సముద్రమట్టం కన్నా ఒక్క అడుగు పైన ఉంటే, కింద సుమారు 40 అడుగుల మేర మంచినీరు నిలుస్తుందని అది చెబుతుంది. పైన ఒక్క అడుగు తోడేస్తే కింద ఎంత కోల్పోతామో ఇందులోనే ఉంది. సూర్యలంక దారిలోని ఇసుక పొలంలో ఒక్క వేసవి ఆ మట్టాన్ని టేపుతో, ఉప్పదనాన్ని మీటరుతో కొలిస్తే ఆ సూత్రం అతనికి జీవితాంతం గుర్తుంటుంది. రైతుకూ ఎన్ని గంటలు మోటారు వేయొచ్చో తెలుస్తుంది.

అలాంటి పని మన చుట్టూ కావలసినంత ఉంది. కొల్లూరు లంకల్లో క్వింటా పచ్చి పసుపు ఉడకడానికి ఎన్ని కిలోల కట్టెలు పడుతున్నాయి? స్టీమ్ బాయిలర్ వాడితే ఎంత మిగులుతుంది? ఎండబెట్టే రోజుల్ని సోలార్ డ్రయ్యర్ ఎన్నిటికి తగ్గిస్తుంది? రేపల్లె మెయిన్ డ్రెయిన్‌లో ఉప్పు శాతం ఏ నెలలో ఎక్కడి దాకా ఎగబాకుతోంది? తగలబెడుతున్న గడ్డి ఇటుక బట్టీకి ఇంధనంగా పనికొస్తుందా? ఒక్కో ప్రశ్నకూ రెండు మూడు బ్యాచ్‌ల శ్రమ కావాలి. సీనియర్ల లెక్కల మీద జూనియర్లు ముందుకు సాగాలి. ఇలాంటి చదువు అసాధ్యమేమీ కాదు; డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయం 1974లో పుట్టిన నాటి నుంచీ నిజమైన సమస్యల మీద ప్రాజెక్టులు చేయిస్తూనే ఇంజినీర్లను తయారుచేస్తోంది.

ముందు ఉద్యోగం రావాలి కదా అన్న తల్లిదండ్రుల మాటను కొట్టిపారేయలేం. అప్పు చేసి ఫీజు కట్టిన ఇంట్లో ఆ ఆరాటం న్యాయమైనది. కానీ ఉద్యోగాలూ ఈ దారిలోనే రాబోతున్నాయి. 2024 అక్టోబరులో రాష్ట్రం ప్రకటించిన సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం 160 గిగావాట్ల సామర్థ్యాన్నీ, ఏడున్నర లక్షల ఉద్యోగాలనూ లక్ష్యంగా పెట్టుకుంది. కొన్న ప్రాజెక్టుతో పాసైనవారు ఆ ఉద్యోగాలకు సరిపోరు. ఒక పంపు సామర్థ్యాన్ని తానే కొలిచి, ఎక్కడ తప్పు జరిగిందో వెతికి, సరిదిద్దిన విద్యార్థి ఏ ఇంటర్వ్యూలోనైనా ధైర్యంగా మాట్లాడగలడు.

కావలసిన చట్రం కూడా సిద్ధంగానే ఉంది. 2014లో మొదలైన ఉన్నత్ భారత్ అభియాన్ కింద కళాశాలలు ఐదేసి గ్రామాలను దత్తత తీసుకుంటున్నాయి. జేఎన్‌టీయూ రెండో ఏడాది తర్వాత ఎనిమిది వారాల కమ్యూనిటీ సర్వీసును తప్పనిసరి చేసింది. సర్వే ఫారాలు నింపి, ఫొటోలు దిగి రావడంతో అది ముగియకూడదు. అక్కడ గుర్తించిన సమస్యే చివరి ఏడాది ప్రాజెక్టు కావాలి. పర్యావరణ పేపరుకు క్రెడిట్లివ్వాలి. కొన్న ప్రాజెక్టు పట్టుబడితే విద్యార్థితో పాటు గైడు మీదా, కళాశాల మీదా చర్య ఉండాలి. ఊరి సమస్య మీద పనిచేయించిన అధ్యాపకుడికి జర్నల్ వ్యాసంతో సమానంగా పదోన్నతిలో గుర్తింపు దక్కాలి, బోధన గంటలు తగ్గించాలి. మీటర్లకు, ప్రయాణాలకు ప్రభుత్వం నిధులివ్వాలి. ఫలితాలను తెలుగులో రాసి రైతు సేవా కేంద్రంలో రైతుల ముందు వివరించాకే మార్కులు వేయాలి. రైతు అడిగే ప్రశ్నను మించిన వైవా లేదు.

వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. రాష్ట్ర ఉన్నత విద్యామండలి, విశ్వవిద్యాలయాలు తలుచుకుంటే వచ్చే విద్యా సంవత్సరం నుంచే అమలు చేయొచ్చు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లోని కళాశాలలు ఆ ఆదేశం కోసం ఎదురుచూడకుండా తామే మొదలుపెట్టాలి. ఈ డెల్టాను నిలబెట్టుకునే ఇంజినీర్లు బయటి నుంచి రారు. వారిని తయారుచేయాల్సింది ఈ కళాశాలలే.