పట్టాల మకిలికి జవాబుదారు ఎవరు?

2019 నవంబరు 24న ఇంగ్లండ్‌లోని నార్విచ్ సమీపంలో, రైలు దూసుకొస్తుండగానే ఒక లెవెల్ క్రాసింగ్ గేట్లు పైకి లేచాయి. దారి ఉందనుకుని కార్లు కదిలాయి. రెండో కారు పట్టాలు దాటిన అర సెకనులోపే రైలు వచ్చేసింది. పట్టాలపై పేరుకున్న ఆకుల మకిలి వల్ల గేట్ల పరికరాలు రైలును గుర్తించలేకపోయాయని దర్యాప్తులో తేలింది.

పట్టాలపై రైలు ఉందో లేదో పసిగట్టే ట్రాక్ సర్క్యూట్ పని చేసే తీరు తెలిస్తే ఈ ప్రమాదం తీవ్రత అర్థమవుతుంది. పట్టాల గుండా పారే కొద్దిపాటి కరెంటు ఒక రిలేను (విద్యుత్ స్విచ్‌ను) ఎత్తి ఉంచుతుంది. రైలు రాగానే చక్రాలు, ఇరుసు రెండు పట్టాలనూ కలిపేస్తాయి. రిలే పడిపోయి సిగ్నల్ ఎర్రబడుతుంది. తీగ తెగినా, బ్యాటరీ ఆగినా అంతే. 1872లో విలియం రాబిన్‌సన్ పేటెంట్ పొందిన ఈ పద్ధతిని ఇన్నాళ్లూ నమ్మడానికి కారణం, లోపం వస్తే రైలు ఆగడమే. తుప్పు, నలిగిన ఆకుల పొర, చక్రాలు జారకుండా ఇంజన్ చల్లే ఇసుక మాత్రం ఆ నమ్మకాన్నే దెబ్బతీస్తాయి. చక్రానికీ పట్టాకూ నడుమ అవి అడ్డుపడితే, రైలు నిలబడి ఉన్న లైను కూడా ఖాళీగా కనిపించవచ్చు.

నిత్యం గూడ్సులు తిరిగే మెయిన్ లైన్‌ను చక్రాలే తోముతాయి. రైళ్లు అరుదుగా వచ్చే లూప్ లైన్లు, సైడింగుల సంగతి వేరు. మన రైల్వేలో పట్టా ఇంజినీరింగ్ విభాగానిది, సర్క్యూట్ సిగ్నల్ విభాగానిది, బోగీల చక్రాలు మెకానికల్ విభాగానివి. పట్టాపై పేరుకునే పొరకు మాత్రం ఒక్కరే పూచీ వహించాలి. చాలాకాలం వాడని లైన్‌ను, చక్రాలు తగిలే పైభాగం మెరిసేదాకా సర్క్యూట్ భరోసాతో నడపకూడదు. ఇరుసులను లెక్కపెట్టే యాక్సిల్ కౌంటర్‌కు ఈ మకిలితో పనిలేదు కనుక, అలాంటి చోట్ల దాన్ని అదనంగా అమర్చాలి. విరిగిన పట్టాను అది పసిగట్టలేదు కాబట్టి ట్రాక్ సర్క్యూట్‌నూ ఉంచాలి.

రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ వస్తోంది కదా అన్న ధీమా చాలదు. సిగ్నల్ ఏ రంగులో ఉందో కవచ్‌కు తెలిసేది సిగ్నళ్లను నియంత్రించే ఇంటర్‌లాకింగ్ నుంచే. అక్కడికే తప్పుడు సమాచారం చేరితే?

రైలు ఉన్నా లైను ఖాళీగా చూపిన ప్రతి ఘటననూ, ఎవరికీ గాయం కాకపోయినా, రైల్వే భద్రతా కమిషనర్ ముందుంచాలి. ఏ స్టేషన్‌లో, ఎన్నిసార్లు, ఏ కారణంతో అలా జరిగిందో రైల్వే బోర్డు ఏటా ప్రజలకు వెల్లడించాలి.