గడ్డి మీద గాలం

ఫ్లై ఫిషింగ్ మొదలెడదామనుకునే మనవాళ్ళకి ఒకటే జబ్బు. నీళ్ళ దగ్గరకి వెళ్ళకముందే నెలరోజులు రివ్యూలు చదువుతారు, ఎక్సెల్ షీటొకటి తయారుచేస్తారు, ఆఖరికి 800 డాలర్ల రాడ్ కొంటారు. కాలిఫోర్నియాలో ఉండే మా బావగారు సరిగ్గా ఆ ఎక్సెల్ దశలో ఉండగా, పదేళ్ళ మేనల్లుడికీ ఎనిమిదేళ్ళ మేనకోడలికీ నేర్పే పని నా నెత్తిన పడింది. కాబట్టి నా గోల కాస్త వినండి.

ముందు దీని కిటుకు తెలియాలి. మనూళ్ళో కాలవ గట్టున వేసే గాలానికి చివర కట్టిన బరువు ముందు పోతుంది, దాని వెనకాల దారం పోతుంది. ఇక్కడ ఫ్లై అంటే కొక్కేనికి ఈకలూ దారాలూ చుట్టి చేసిన ఉత్తుత్తి పురుగు. దానికి బరువేం ఉండదు, విసిరేది లైనుని. అందుకే లైన్లకి బరువుని బట్టి నంబర్లుంటాయి. 5 నంబరు లైనులో మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. రాడ్ నంబరూ లైను నంబరూ కలవకపోతే ఎంత ఖరీదైన రాడ్డయినా వెదురుకర్రే!

పెద్దవాళ్ళకి 9 అడుగుల 5 నంబరు రాడ్, పిల్లల చేతికి 8 అడుగులది. డబ్బు పెడితే మంచి తేలే లైను మీద పెట్టండి. రీలు గురించి గంటలు గంటలు వాదించుకునేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. చిన్న ట్రౌట్ చేపలకి అది లైను చుట్టిపెట్టుకునే డబ్బా, అంతే. అన్నీ కలిపి అమ్మే సెట్టు చాలు.

ఇక ప్రాక్టీసు పార్కులో, గడ్డి మీద. కొక్కెం వద్దు, చివర ఊలు ముక్క కట్టండి. టోపీ, కళ్ళద్దాలు మాత్రం ఇప్పట్నించే అలవాటు చెయ్యాలి. రాడ్‌ని వెనక్కి ఊపాక ఆగాలి. లైను వెనకాల తిన్నగా సాగితేనే రాడ్ విల్లులా వంగుతుంది. ఆ ఆగడమే ఎవరికీ చేతకాదు. 1992లో వచ్చిన 'ఎ రివర్ రన్స్ త్రూ ఇట్' సినిమాలో తండ్రి మెట్రోనోమ్ పెట్టి నేర్పిస్తాడు. మా మేనకోడలు సంగీతం క్లాసుకెళ్తుంది కాబట్టి నేను తాళం వేసి చూపించా. అన్నకంటే ముందే పట్టేసింది.

గడ్డి మీద హులాహూప్ పెట్టి అందులో పడేలా వేయమన్నాను. వెంటనే బావగారు "ఎన్నిసార్లు పడిందో రాస్తూ ఉండు, ప్రోగ్రెస్ తెలుస్తుంది" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఈ పిల్లలకి ఈతలో లెవెలు, లెక్కల్లో లెవెలు, స్పెల్లింగ్‌లో ర్యాంకు. మార్కుల్లేని పని ఒక్కటైనా ఉండొద్దా? ఇరవై నిమిషాలయ్యాక రాడ్ పడేసి మిడతల వెంట పరిగెత్తారు. పరిగెత్తనివ్వండి. ఏ పురుగు ఎక్కడుంటుందో తెలియడమే ఇందులో సగం విద్య.

"పట్టి వదిలేసేదానికి పట్టడం ఎందుకురా?" అని మా అమ్మ ఫోన్‌లో అడిగింది. ఆవిడకి సరైన జవాబు నా దగ్గర లేదు. కొక్కేనికి వెనకుండే ముల్లుని ప్లయర్‌తో నొక్కేయడం, చేపని తడిచేత్తోనే ముట్టుకోవడం, వీలైనంత వరకూ నీళ్ళలోంచి తియ్యకుండానే వదిలేయడం... పిల్లలకి ఈ మూడూ మొదటిరోజే చెప్పాను.

అన్నట్టు కాలిఫోర్నియాలో లైసెన్సు 16 ఏళ్ళు నిండినవాళ్ళకే కావాలి. పిల్లలకి అక్కర్లేదు. బావగారూ, చదువుతున్నారా? మీకు కావాలి.