యుద్ధం పక్కన బాల్యం

యుద్ధమంటే సరిహద్దుల్లో సైనికుల మధ్య జరిగేదనే మనకు అలవాటైపోయింది. పసివాళ్ళ వైపు నుంచి చూస్తే అది రాత్రికి రాత్రి వదిలేసిన ఇల్లు, మళ్ళీ తెరవని బడి.

విశాఖకు ఈ అనుభవం కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు పడగానే జనం పిల్లాపాపలతో ఊరు వదిలారు. నేనుండే మద్దిలపాలెం పక్కనున్న ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. యుద్ధం ముగిశాక తిరిగొచ్చింది. తిరిగి వెళ్ళే చోటు లేని పిల్లలు మనకు దగ్గర్లోనే ఉన్నారు.

2005 జూన్‌లో దంతెవాడ ప్రాంతంలో సల్వాజుడుం మొదలయ్యాక, ప్రభుత్వ బలగాలకూ మావోయిస్టులకూ మధ్య నలిగిన వేలాది ఆదివాసులు అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చారు. ఇక్కడ వాళ్ళని గుత్తికోయలంటారు. వెనక ఊళ్ళలో కొన్ని బడులు బలగాల మకాములయ్యాయి, కొన్నింటిని మావోయిస్టులు పేల్చేశారు. ఆదివాసీ యువకుల చేతికి తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు వచ్చింది గాని, పిల్లలకు పోయిన ఊరు రాలేదు.

సొంత రాష్ట్రంలో వాళ్ళు షెడ్యూల్డు తెగ. సరిహద్దు దాటితే ఆ గుర్తింపు చెల్లదు. 2005 డిసెంబర్ 13 తర్వాత సాగులోకి తెచ్చిన అటవీ భూమికి చట్టం హక్కు ఇవ్వదు. అటవీ శాఖ వాళ్ళ గుడిసెలు కూల్చిన సందర్భాలున్నాయి. బడికి పంపినా, ఇంట్లో కోయ మాట్లాడే పిల్లకు తెలుగు పాఠం పరాయిదే. ఘర్షణ ప్రాంతాల పిల్లలు కూలికీ ఇటే వస్తారు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ పడ్డాక, ములుగు జిల్లా మిర్చి తోటల నుంచి బీజాపూర్‌లోని అమ్మానాన్నల దగ్గరకు నడుస్తూ పన్నెండేళ్ళ బాలిక దారిలోనే చనిపోయింది.

ఇన్ని కష్టాల్లోనూ ఆ కుటుంబాలు కలిసే ఉన్నాయని మెచ్చుకుంటాం. కలిపి ఉంచే భారం ఎవరిది? తల్లిది. ఆమె కూలికి పోతే, తమ్ముణ్ణి చంకనెత్తుకునే ఆడపిల్లది. ఆ పిల్ల చదువే మొదట ఆగిపోతుంది.

భారతదేశం 1992 డిసెంబర్‌లో అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడిక, సాయుధ ఘర్షణల్లో చిక్కుకున్న పిల్లల రక్షణను ప్రభుత్వాల బాధ్యతగా చెప్పింది. వయసు రుజువు లేదని బడిలో చేర్చుకోకపోవడం 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కుదరదు. కాబట్టి మనం అడగవలసినవి దయాధర్మాలు కావు. ప్రతి గుత్తికోయ గూడేనికీ అంగన్‌వాడీ, కోయ తెలిసిన టీచరు, ప్రత్యామ్నాయం చూపకుండా గుడిసెలు కూల్చకపోవడం. అంగన్‌వాడీ వస్తే అక్క చంక ఖాళీ అవుతుంది. ఆమె పలక పట్టుకోవడానికి అదే మొదటి మెట్టు. ఆ గూడేల్లో పనిచేస్తున్న మిత్రులారా, బడి బయట ఉన్న ఆడపిల్లల లెక్కతో మొదలుపెడదాం.