ఇంటిలో చేసినంత మాత్రాన నిరపాయమా?
పసిపిల్లల ఆటపిండిని గురించి ఒక వైద్యుని మనవి

అంగన్‌వాడీలలో, శిశు విద్యాలయాలలో పిల్లల చేతికి రంగురంగుల పిండిముద్దనిచ్చి ఆడించుట నేడు సర్వసాధారణమైనది. అంగడిలో కొనే ముద్దకంటె ఇంటిలో చేసుకొన్నది మేలని పలువురు నమ్ముచున్నారు. ఈ నమ్మకము సగమే సత్యము.

ఆట మంచిదే. గురుకులములో మా గురువుగారు శ్లోకముల కంటె ముందు మాచేత కల్వము నూరించిరి, మాత్రలు కట్టించిరి. చేయి కుదిరిన పిమ్మటనే బుద్ధి కుదురునని వారి అభిప్రాయము. పిసుకుట, ఉండ చేయుట, తీగ సాగదీయుట వలన పిల్లల వ్రేళ్ళకు బలము, అదుపు కలుగును. రేపు బలపము పట్టవలసినది ఆ వ్రేళ్ళే. మన సీమకు ఇది క్రొత్త కాదు. కర్నూలు పడమటి పల్లెలలో జ్యేష్ఠ బహుళ అమావాస్యనాడు నేటికీ మట్టి ఎద్దులు చేసి పూజింతురు. కడప పల్లెలలో అవ్వ రొట్టెలు తట్టుచుండగా ప్రక్కన కూర్చున్న మనుమరాలికి చిటికెడు పిండి అందని ఇల్లున్నదా?

1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము క్రింద అంగన్‌వాడీలు వెలసినవి. 2023 మే 10న ‘పోషణ్ భీ, పఢాయీ భీ’ కార్యక్రమము ఆరంభమైన నాటినుండి అక్కడ అన్నముతోపాటు ఆటపాటల చదువుకు కూడ ప్రాధాన్యము పెరిగినది. సంతోషము. కాని పిల్లల చేతికి ఏమి ఇచ్చుచున్నామో తెలిసి ఇవ్వవలెను. చరకాచార్యులు శారీరస్థానము ఎనిమిదవ అధ్యాయములో ఆటవస్తువుల లక్షణములు చెప్పిరి. అవి బరువుగా ఉండరాదు, మొన తేలి ఉండరాదు, నోటిలో దూరునవిగా ఉండరాదు, ప్రాణహాని చేయరాదు, భయము గొలుపరాదు. ప్రచారములో ఉన్న ఆటపిండి ఈ పరీక్షకు నిలుచునా?

నా తప్పును నేనే చెప్పుకొందును. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పల్లెలో పిల్లలను చూచుకొను ఒక తల్లికి నేనే ఈ పిండి చేయు విధము చెప్పితిని. చెడకుండుటకు ఉప్పు ధారాళముగా వేయుమంటిని. వేసవి కాలము. మూడేండ్ల బిడ్డ ఒకడు ఎవరూ చూడనప్పుడు ఆ ముద్దను కొంత మ్రింగెను. వాంతులు, తీరని దాహము, పిదప మగత. నేను వెళ్ళుసరికి ఇరుగమ్మ ఒకరు లోపలిదంతా కక్కించుటకు గ్లాసుడు ఉప్పునీళ్ళు కలిపి తెచ్చుచున్నారు. ఆ గ్లాసు నా చేతితో క్రింద పారబోసి, బిడ్డను వెంటనే పట్టణములోని ఆసుపత్రికి పంపితిని. దైవానుగ్రహమున బిడ్డ కోలుకొనెను. ఉప్పు తిన్న బిడ్డకు మరల ఉప్పే పోయబోయిన ఆ క్షణము నేటికీ నా కన్నులయెదుట నిలిచియున్నది.

లెక్క చూడుడు. రెండు గిన్నెల పిండికి ఒక గిన్నె ఉప్పు అని సాధారణముగా చెప్పుదురు. పిండికంటె ఉప్పు బరువు. కావున నీరు కలిపిన తరువాత కూడ తూకములో నాలుగవ వంతు ఉప్పే ఉండును. నలుబది గ్రాముల నిమ్మకాయంత ఉండలో సుమారు 10 గ్రాముల ఉప్పున్నదన్నమాట. పెద్దవారికే దినమునకు 5 గ్రాములకు లోపు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పన్నెండు కిలోల బిడ్డకు ఆ ఒక్క ఉండ ప్రాణాపాయము కావచ్చును. అట్టి స్థితిలో వాంతి చేయించుటకు గాని, గృహవైద్యమునకు గాని పూనుకొనక తక్షణమే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. ఏమి తిన్నదీ, ఎంత తిన్నదీ వైద్యునికి చెప్పవలెను. గృహవైద్యమును నమ్మినవాడను గనుకనే దాని హద్దును చెప్పుచున్నాను.

మరి ఏమి చేయవలెను? ఉప్పు వేయునది నిలువకొరకే. నిలువ వద్దనుకొన్న ఉప్పే అక్కరలేదు. జొన్నరొట్టె చేయు ఇల్లాలికి తెలిసిన ఉపాయమే చాలును. జొన్నపిండి చన్నీటితో విరిగిపోవును, మరిగిన నీటితో అతుకును. పదిమంది పిల్లలకు పావులీటరు నీరు బాగుగా మరిగించి, మంట తగ్గించి, పావుకిలో జొన్నపిండి పోసి తెడ్డుతో కలిపి, అయిదు నిమిషములు మూతపెట్టి మగ్గనీయవలెను. పచ్చిపిండిలో రోగక్రిములు ఉండవచ్చును గనుక ఈ ఉడుకు అవసరము. ఆరిన పిదప రెండు చెంచాల నూనెతో మర్దించవలెను. వేరుసెనగ పడని పిల్లలున్నచో ఆ నూనె వాడరాదు. పొయ్యి దగ్గరకు పిల్లలను రానీయరాదు.

రంగునకు కొమ్ములు కొని ఇంట దంచిన పసుపు, బీట్‌రూట్ రసము, పాలకూర రసము చాలును. విడి పసుపుపొడిలో సీసపు రంగు కల్తీ పలుచోట్ల బయటపడినది. ముగ్గురంగులు, సిందూరము తాకించరాదు. ఎరుపుకొరకు పసుపులో సున్నము కలుపరాదు, అది లేతచర్మమును, కన్నును కాల్చును.

ఆటకు ముందు, పిమ్మట చేతులు కడిగించవలెను. ఎవరి ముద్ద వారికే ఇవ్వవలెను. ఉప్పు లేకున్నను ముద్ద గొంతున అడ్డుపడవచ్చును. కావున పెద్దలు ప్రక్కననే ఉండవలెను. మన ఎండలకు సాయంత్రమునకే పులియును, మరునాటికి ఉంచరాదు. చెరువుమట్టి మూడేండ్లవారికి వద్దు. మన్నుతినుట వలన పాండురోగము కలుగునని చరకులే హెచ్చరించిరి, నులిపురుగుల భయమూ ఉన్నది.

కరవుసీమలో తిండిగింజతో ఆటలా అని కొందరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. అందుకే దినమునకు కావలసినంతే చేయుమనుచున్నాను. ఉప్పు లేని ముద్ద ఆట ముగియగానే పశువుల కుడితిలో కలియును. ఉప్పుముద్ద పశువునకూ పనికిరాదు, కుక్కకు వేసిన దాని ప్రాణమునకే ముప్పు.

ఇంటిలో చేసినదన్న మాట పూచీ కాదు. ఏమి వేసితిమి, ఎంత వేసితిమి, ఎవరికి ఇచ్చుచున్నాము అని ఔషధమునకు అడుగు ప్రశ్నలనే ఆటపిండికీ అడుగవలెను. అడుగక చెప్పిన వైద్యుని తప్పును ఒక బిడ్డ మోయవలసి వచ్చినది. మరియొక బిడ్డ మోయరాదనియే ఈ మనవి.