పూతను అమ్మని తోట

నూజివీడు ప్రాంతంలో మా పెద్దలు నాటిన పాత మామిడి తోట ఒకటి ఉంది. అబ్బాజాన్ కాలం నుంచి ఏటా పూత దశలోనే దానిని గుత్తకు ఇస్తూ వచ్చాము. గుత్తేదారు కాయ కోసుకొని వెళ్ళిన తరువాత చెట్ల బాగోగులు ఎవరికీ పట్టేవి కావు. కొమ్మలు అల్లుకుపోయి లోపలికి ఎండ సోకేది కాదు. బదనిక సారాన్ని పీల్చివేయగా కాపు పైకొనలకే పరిమితమైంది.

పండు పక్వానికి వచ్చే సూచనలు కనిపించకముందే అమ్మడాన్ని దైవప్రవక్త (స) వారించారు. ఈ సంగతి మాకు తెలియనిది కాదు. అందరూ చేస్తున్నదే కదా అని సరిపెట్టుకున్నాము. ఒక ఏడాది గాలివానకు పిందెలన్నీ రాలిపోయాయి. గుత్తేదారు మా అరుగు మీద తలవంచుకొని కూర్చున్న ఆ రోజున వారింపులోని కారుణ్యం బోధపడింది. తీసుకున్న పైకంలో సగం అప్పుడే, మిగిలినది మరుసటి ఏడు తిరిగి ఇచ్చాము. ఇకపై తోటను మేమే చూసుకోవాలని నిశ్చయించుకున్నాము.

కోతలు ముగిశాక ఏటా మూడో వంతు చెట్లకే ముదురు కొమ్మలను కోయించాము. అన్నిటినీ ఒకేసారి కోస్తే ఇంటికి రాబడి ఉండదు. గాయాలకు బోర్డో పేస్టు పూశాము. మోడులైన చెట్లను చూసి అమ్మీజాన్ కంటతడి పెట్టుకున్నారు. తొలకరికి వరుసల మధ్య జనుము చల్లి, పూతకు రాగానే కలియదున్నాము. మొదలుకు దూరంగా, కొమ్మల నీడ అంచున పశువుల ఎరువు వేశాము. కోసిన చోట గుంపుగా వచ్చిన చిగుళ్ళలో బయటికి సాగే బలమైన మూడు నాలుగింటినే ఉంచాము.

నవంబరు, డిసెంబరు నెలల్లో నీరు పెట్టలేదు. పెడితే పూతకు బదులు ఆకు చిగురిస్తుంది. పూత విచ్చుకున్న రోజుల్లో పురుగుమందు చల్లలేదు. ఈగలు, తేనెటీగలు రాకపోతే పిందె నిలవదు. పిందె బఠాణీ గింజంత అయిన తరువాతే నీరు వదిలాము. వేసవిలో కాయను తొడిమతో కోసి, సొన కారనిచ్చి, నీడన ఆరబెట్టాము.

మొదటి రెండేళ్ళూ చేతికి వచ్చిన సొమ్ము గుత్త కన్నా తక్కువే. ఇంటి ఖర్చులను కుదించుకున్నాము. మూడో ఏట తొలుత కోసిన చెట్లు కాపుకొచ్చాయి. కాయలు పిల్లల చేతికి అందే ఎత్తులో వేలాడాయి.

ఆ గుత్తేదారు ఇప్పుడు మే నెలలో వస్తాడు. కాయను చేత పట్టి, చూసి, ధర చెబుతాడు. ఇరువురమూ నిశ్చింతగా నిద్రపోతున్నాము. తోటలున్న పాఠకులారా! ఈ ఏడు పూతకు బయానా తీసుకునే ముందు ఇంటిల్లిపాదీ కూర్చొని ఒకసారి ఆలోచించండి.