డ్రోను సరే, ఎగరేసేది యాడ?

మా చెల్లెలి కొడుకు చిత్తూరు నుంచి ఫోన్ చేసినాడు. "మామా, ఫొటోలకు డ్రోన్ కొంటాండా. ఏది మంచిది?"

"యాడ ఎగరేస్తావురా?"

"తిరుమల కొండమీదే!"

గుండె గుభేలుమంది. తిరుమలలో డ్రోన్లు నిషేధం. తెలియక ఎగరేసి కేసుల్లో ఇరుక్కున్నవాళ్లున్నారు. రేణిగుంట విమానాశ్రయం ప్రహరీ నుంచి 5 కిలోమీటర్ల దాకా కూడా రెడ్ జోనే. అందుకే కెమెరా సంగతి తర్వాత, ముందు 'డిజిటల్ స్కై' మ్యాపులో మీ చోటు ఏ రంగులో ఉందో చూడండి. పచ్చరంగైతే అనుమతి అక్కర్లేదు. మామూలుగా 400 అడుగులే హద్దు.

ఇక బరువు. 250 గ్రాములు దాటకుంటే నానో డ్రోన్. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం దానికి పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. పెట్టె మీద '4కె' అని చూసి మోసపోవద్దు. గింబల్ లేకుంటే చిన్న గాలికే వీడియో వణుకుతుంది. విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలోనే ఆపేశారు కాబట్టి, బిల్లు లేకుండా చవగ్గా వచ్చేదాని జోలికి పోకండి. చెడిపోతే బాగుచేసేవాడు దొరకడు.

అల్లుడు మూతి ముడిచినాడు. "మరి యాడ ఎగరేసేది?"

దామలచెరువు దగ్గర మా మామిడితోట ఉంది. మోకాళ్ల నొప్పులతో మా నాయన తోటకు పోయి రెండేళ్లయింది. "తాతకు తోటంతా సెల్లులో చూపిద్దువు, రా. పొద్దున్నే రా, ఎండెక్కితే గాలి లేస్తుంది" అన్నాను.